నలభై ఒకటో మాట

ట్రైనింగు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. క్లాసులో ఏం చేయాలో చెప్పమంటారు. ఏం చేయకూడదో అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది. అడగకపోయినా ఇవాళ చెప్పేస్తున్నాను. రిటైరయినవాడికి ఆ మాత్రం చనువు ఉంటుంది కదా!

నేను ఇరవై ఏళ్లకు పైగా స్పోకెన్ ఇంగ్లీషు చెప్పి బతికాను. మా ఇన్‌స్టిట్యూట్ దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్‌బీ నగర్‌కీ నడుమ, మెయిన్ రోడ్డు మీద, చెప్పుల షాపు పైన రెండో అంతస్తులో ఉండేది. అప్పటికింకా మెట్రో పిల్లర్లు లేవు. తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉంది. పొద్దున లేస్తూనే పాల ప్యాకెట్ కన్నా ముందు, బంద్ ఉందా లేదా అని కనుక్కునేవాళ్లం. రోడ్డు మీద ఎవరైనా కొత్తవాడు నిలబడి ఫోను మాట్లాడితే మఫ్టీ పోలీసు అనుకునేవాళ్లం. పక్కింటివాళ్లది ఏ జిల్లా అని అంతకుముందు ఎప్పుడూ పట్టించుకోనివాళ్లం, అప్పుడు ఆరా తీయడం మొదలుపెట్టాం. అందరిలో నేను ఇంకొంచెం ఎక్కువ. నాకు అనుమానం రావడానికి కారణం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు.

ఆ రోజుల్లో బోర్లు వేసే కంపెనీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. వాళ్లకు మొజాంబిక్‌లో పని దొరికింది. అక్కడ పోర్చుగీసు మాట్లాడతారు. ఇక్కణ్నుంచి పోయే ఒక్కో డ్రిల్లర్ కింద ఎనిమిదీ పదిమంది అక్కడివాళ్లు పనిచేయాలి. అంతకుముందు పోయిన బ్యాచి వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టి, పని ఆగిపోయేదాకా తెచ్చుకుందట. అందుకని ఈసారి పోయే పన్నెండుమందికి నలభై మాటలు నేర్పమన్నారు. నిజాయితీ, బాధ్యత, గౌరవం, నమ్మకం, ఓర్పు, పలుకుబడి, నలుగురికీ దారి చూపేలా నడుచుకోవడం, ఇలా మంచి నాయకుడికి ఉండాల్సినవన్నీ. ఒక వరుసలో ఇంగ్లీషు, దాని పక్కన పోర్చుగీసు, చివర తెలుగు అర్థం. పట్టిక తయారుచేసి క్లాసు గోడకు అంటించాం.

ఇంగ్లీషు నా వంతు. పోర్చుగీసు చెప్పడానికి ఒక మాస్టారు వచ్చాడు. కోస్తా మనిషి. వయసులో నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. మొజాంబిక్‌లోనే చాలా ఏళ్లు ఒక కలప మిల్లులో స్టోర్ చూసుకుని, వచ్చి ఎల్‌బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, గుండీలు పైదాకా పెట్టుకునేవాడు. జేబులో చిన్న నోటుబుక్కు ఒకటి. నేను వద్దన్నా నన్ను 'సార్' అనే పిలిచేవాడు.

మొదటి వారంలోనే నాకు ఆయన మీద మూడు అనుమానాలు వచ్చాయి. ఒకటి, ఇంటర్వెల్లో బాల్కనీలోకి పోయి మాకు అర్థం కాని భాషలో ఫోను మాట్లాడతాడు. రెండు, వచ్చిన ప్రతి డ్రిల్లర్‌నీ 'మీదే ఊరండీ? నాన్నగారేం చేస్తారండీ?' అని అడుగుతాడు. మూడు, అడిగిందంతా ఆ నోటుబుక్కులో రాసుకుంటాడు. మా బ్యాచిలో సగం మంది సాయంత్రాలు రాస్తారోకోలకు పోయేవాళ్లే. ఇక నాకు వేరే రుజువేం కావాలి?

మా ఆయమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టే మనిషి. ఆమెకూ కింద మిర్చి బండి ఆయనకూ ఒక ఒప్పందం ఉండేది. క్లాసుల్లో దిద్దేసిన టెస్టు పేపర్లు అల్మారా కింది అరలో పడేసేవాళ్లం. ప్రతి శనివారం ఆమె ఆ కట్ట తీసుకుపోయి బండి ఆయనకు ఇచ్చేది. ఆయన స్టాఫుకు వేడివేడి మిర్చిలు పంపేవాడు. ఆ రోడ్డు మీద చాలా ఇన్‌స్టిట్యూట్లలో ఇదే పద్ధతి. పిల్లల తప్పులన్నీ నూనెలో తడిసి పోవడం మంచిదేనని మేము నవ్వుకునేవాళ్లం.

అసలు కథ పంతొమ్మిదో మాట దగ్గర మొదలైంది. ఇన్‌ఫ్లుయెన్స్. పోర్చుగీసులోనూ దాదాపు అదే, ఇన్‌ఫ్లుయెన్సియా. బోర్డు మీద రాసి అర్థం చెప్పమంటే ముందు బెంచీలో నల్గొండ డ్రిల్లర్ చెయ్యెత్తాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, ఎల్‌బీ నగర్ వెనకాల గల్లీలో కిరాయికుంటాడు. రిగ్గు మీద చెవులు మొద్దుబారి, ఏం చెప్పినా గట్టిగా చెప్తాడు.

"గిది మాకెర్కే సార్. ఎమ్మెల్యే తాన చిట్టి తెచ్చుకునుడు."

క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. "అది కాదు. నువ్వు ఎవరి మాట ఇంటవ్? ఎందుకింటవ్? బలవంతం లేకుంట నీతోని ఒక పని చేయించగలిగినోడు ఎవ్వడు? అది రాయి. పేరు పెట్టి రాయి. ఇంగ్లీషుల రాయి" అన్నాను.

ఆ ఉపాయం తట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. పన్నెండుమందీ తలలు వంచి రాశారు. వెనకాల గోడకు ఆనుకుని చూస్తున్న మాస్టారు క్లాసయ్యాక స్టాఫ్ రూములో నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"సార్, ఏమీ అనుకోవద్దు. పేర్లు రాయించకండి. రోజులు బాగాలేవు."

"రోజులు మాకు మంచిగనే ఉన్నయి మాస్టారూ. మీకే బాగలేనట్టున్నయి" అన్నాను.

ఆయన లేచి తన క్లాసుకు వెళ్లిపోయాడు. నేను మాత్రం నాలుగో అనుమానం పెట్టుకున్నాను. పేర్లు రాయించొద్దనేవాడికి ఆ పేర్లతో ఏదో పని ఉండాలి కదా!

ఆ కాగితాలు చదువుతుంటే నాకు ముచ్చటేసింది. ఒకాయన వాళ్లమ్మ పేరు రాశాడు. ఒకాయన పాత మేస్త్రీ పేరు. నల్గొండ డ్రిల్లర్ తమ కాలనీలో ఉద్యమం నడిపే లెక్చరర్ పేరు రాసి, ఆయన రోడ్డు మీద కూర్చోమంటే కూర్చుంటానని, లేవమంటే లేస్తానని, ఎందుకంటే తను కూర్చోకుండా ఎవర్నీ కూర్చోమనడని వచ్చీరాని ఇంగ్లీషులో రాశాడు. నాయకత్వం గురించి అంతకన్నా మంచి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. చదివి ఊరుకున్నానా? అలవాటు చొప్పున ఎర్ర పెన్ను తీసి తప్పులన్నీ దిద్దాను. దిద్ది అల్మారాలో పెట్టి తాళం వేశాను. ఆ తాళానికి చెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి మాస్టారి దగ్గర.

తర్వాత మంగళవారం, క్లాసు ఇంకా మొదలవకముందే డ్రిల్లర్ వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"సార్, నిన్న పాస్‌పోర్ట్ ఎంక్వైరీకి కానిస్టేబుల్ వచ్చిండు. కుర్చీల కూసొని నవ్వుకుంట అడిగిండు, 'ఏం తమ్మీ, గా లెక్చరర్ రోడ్డు మీద కూసోమంటె కూసుంటవంట, లేవమంటె లేస్తవంట' అని. గా మాట నేను యాడ అన్లే సార్. మీకిచ్చిన కాయిదం మీదనే రాసిన. గది ఆయనకెట్ల వోయింది?"

డ్రిల్లర్ గొంతు మొదటిసారి చిన్నగా వినిపించింది.

"నెలాఖర్లకు పాస్‌పోర్ట్ చూపియ్యకపోతె కంపెనోళ్లు నా జాగల ఇంకొకన్ని తీస్కుంటరు సార్. నేను మల్ల హెల్పర్‌గ రాళ్లు మోసుడే. పొల్లగాండ్లకు ఆఫ్రికా పోతున్న అని చెప్పిన. ఇరుగుపొరుగు సాక్షి సంతకాలు రెండు గావాలన్నడు. ఓనరు ఒకటి పెట్టిండు. రెండోది అడిగితె గల్లీల ఎవ్వడు తలుపు తీస్తలేడు."

అల్మారా తెరిచి చూశాను. కాగితాలు లేవు. పై అర, నడిమి అర, అన్నీ వెతికాను. రెండు తాళం చెవులు, మాయమైన కాగితాలు, పోలీసుల దాకా పోయిన మాట. నేను లెక్క వేయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మాస్టారిని పక్కకు పిలిచి అడిగి ఉండొచ్చు. ఆయమ్మను అడిగి ఉండొచ్చు. ఆ ఆలోచనే రాలేదు నాకు. నిజం చెప్పాలంటే, నా అనుమానం నిజమైందన్న సంతోషంలో ఉన్నాను.

మర్నాడు బంద్. అయినా గడువు దగ్గరపడిందని కింద షట్టర్ సగం దించి క్లాసు పెట్టుకున్నాం. బస్సులు లేవు, పన్నెండుమందీ నడిచే వచ్చారు. మాస్టారూ నడిచే వచ్చాడు, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఆయన కూర్చోకముందే నేను లేచాను.

"మాస్టారూ, అందరి ముందల ఒక మాట అడుగుత. ఈ పోరగాళ్ల కాయిదాలు పోలీసోళ్లకు ఎందుకిచ్చిన్రు?"

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పన్నెండు ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు.

"నేనివ్వలేదండి."

"తాళం చెవి మీ తాన ఉన్నదా, లేదా?"

"ఉందండి. కానీ నేనివ్వలేదు."

"గా బుక్కు చూపియ్యున్రి."

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. తెరిస్తే ప్రతి డ్రిల్లర్‌కీ ఒక పేజీ ఉంది. పైన మనిషి పేరు, ఊరు, తండ్రి చేసే పని. కింద నాకు చదవరాని భాషలో నాలుగైదు వాక్యాలు. ఆ పేజీలు గాల్లోకి ఎత్తి క్లాసుకు చూపించాను. "చూసిన్రా! ఒక్కొక్కలి పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టుకున్నడు. కింద ఏం రాసిండో మనకు తెల్వొద్దని వేరే భాషల రాసిండు." వెనక బెంచీలో ఒకరిద్దరు జై తెలంగాణ అని అరిచారు. ఎవరో బయటికి పొమ్మన్నారు.

మాస్టారు తాళం చెవి తీసి బల్ల మీద పెట్టాడు. చేయి చాపి నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకున్నాడు. గోడ మీద నలభై మాటల పట్టిక వైపు ఒకసారి చూసి మెట్లు దిగి వెళ్లిపోయాడు. బాల్కనీలోంచి చూశాను. ఖాళీ రోడ్డు మీద, మిట్టమధ్యాహ్నం, ఎల్‌బీ నగర్ వైపు ఒక్కడే నడుచుకుంటూ పోతున్నాడు. ఆ క్షణం నాకు చాలా గొప్పగా అనిపించింది. దాచడం దేనికి? నాయకుణ్ని అయిపోయాననుకున్నాను.

శనివారం వచ్చింది. ఆయమ్మ ఎప్పటిలాగే మిర్చిలు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను రెండోది కొరుకుతుండగా, పొట్లం కాగితం మీద నూనె మరకల నడుమ ఎర్ర సిరా కనిపించింది. నా దస్తూరీ. పైన సగం చినిగిన అక్షరాల్లో ఒక మేస్త్రీ పేరు.

"ఆయమ్మా, ఈ కాయిదం యాడిది?"

"ఇంకేడిది సారూ, మన బండాయనదే. పోయినారం మీరే గద అల్మారి తెరిచి, కింది అరలయి తీస్కపో అన్నది. ఎర్రగ దిద్దినయి ఉంటె పాతయే అనుకున్న."

కింది అర! దిద్దిన కాగితం కింది అరలో పెట్టడం ఏళ్ల తరబడి నా చేతికి అలవాటు. అవి టెస్టు పేపర్లు కావని, నమ్మి రాసిచ్చిన మాటలని నా చేతికి తెలియలేదు. మంగళవారం అన్ని అరలూ వెతికినవాణ్ని, కింది అర ఖాళీగా ఎందుకుందని అనుకోలేదు.

ఒక్క పరుగున కిందికి దిగి బండి ఆయన్ని అడిగాను. ఆయన జల్లి గరిటె ఆడిస్తూనే చెప్పాడు. "అవ్ సార్, మన కానిస్టేబుల్ సార్ రోజు ఈడనే తింటడు గద. పోయిన శనారం మిర్చి తిని కాయిదం సదివిండు. నవ్వి, మడిచి జేబుల వెట్టుకున్నడు. ఏమైంది సార్?" ఏం కాలేదని చెప్పాను. పోయిన శనివారం అదే బల్ల దగ్గర నేను కూడా నాలుగు మిర్చిలు తిన్న సంగతి మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది.

ఆ రోజే ఎల్‌బీ నగర్ వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. ఎలా చెప్పాలో ఆలోచించుకుందామని నాకు నేనే గడువులు ఇచ్చుకున్నాను. పది రోజుల తర్వాత డ్రిల్లర్ పరుగెత్తుకుంటూ వచ్చి పాస్‌పోర్ట్ నా చేతిలో పెట్టాడు.

"రెండో సాక్షి ఎవలు దొరికిన్రు?" అని అడిగాను.

ఆయన తల గోక్కున్నాడు. "మీకు కోపమొస్తదని చెప్పలే సార్. పోర్చుగీసు మాస్టారు. బంద్ నాడు మీరు గట్ల అన్నంక, గా సాయంత్రమే మా ఇంటికి నడుసుకుంట వచ్చిండు. మా వెనక గల్లీనే గద ఆయనది, నాకు సాక్షి దొరుకుతలేడని విన్నడంట. స్టేషన్ల సంతకం పెట్టొచ్చిన అన్నడు. ఇగో, బుక్కుల నా పేజీ చింపి ఇచ్చిండు. అక్కడ దిగంగనే నా కింద పనిచేసేటోళ్లకు ఇది సదివి చెప్పాల్నంట. 'నేను ఫలానా ఊరోన్ని, మా నాయిన బాయిలు తవ్వేటోడు, నేను మీతోని కలిసి పనిచేస్త' అని ఉన్నదంట. గాడ మనం ఎవల బిడ్డలమో చెప్పుకోకపోతె ఎవ్వడు మన మాట ఇనడంట సార్."

"నీకు ఆయన మీద అనుమానం రాలేదా?"

"వచ్చింది సార్. సంతకం పెట్టి మల్ల మోసం చేస్తడేమో అని నిన్నటిదాక నిద్ర పట్టలే. ఎందుకు పెట్టిండో ఇప్పటికి సమజైతలేదు."

నాకు అర్థమైంది. ఆయనకు చెప్పలేదు. ఆ సాయంత్రం మాస్టారింటికి వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఫోన్లు ఎవరికని అడిగితే, అక్కడి పాత స్నేహితుడికట. మా పన్నెండుమందికీ దిగగానే వసతి చూసిపెట్టమని బతిమాలుతున్నాడట. కింది అర సంగతి, మిర్చి బండి సంగతి అంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. ఆయన అంతా విని, మంచినీళ్లు తెప్పించి ఇచ్చి, అప్పుడు అన్నాడు.

"పన్నెండుమందిలో అన్నారు సార్. ఇప్పుడు ఒక్కడి దగ్గరకొచ్చి చెబితే ఎలాగండీ?"

రేపే క్లాసులో చెప్తానన్నాను. మర్నాడు తొమ్మిదిమందే వచ్చారు. అందరూ ఉన్న రోజు చెబుదామనుకున్నాను. ఇంకో రోజు పదిమంది. ఇంకో రోజు బంద్. ఈలోపు బ్యాచి రెండు గుంపులుగా విమానం ఎక్కేసింది. అందరూ కలిసి ఉన్న రోజు రానేలేదని చెప్పుకున్నాను గానీ, రాకూడదని నేను ఎంత కోరుకున్నానో నాకే తెలుసు. గోడ మీద పట్టిక మాత్రం అలాగే ఉండేది. అందులో 'ధైర్యం' పన్నెండో మాట.

సుమారు ఏడాది తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే మొజాంబిక్ నుంచి డ్రిల్లర్ ఫోను చేశాడు. ఎప్పటిలాగే గట్టిగా మాట్లాడుతున్నాడు. ఇప్పుడు సైటు మొత్తానికి ఆయనే పెద్దట. రిగ్గు డీజిల్ తగ్గుతుంటే, కాపలా ఉండే అక్కడి ముసలాయన మీద అనుమానం వచ్చిందట.

"అందర్ని నిలవెట్టి అడిగిన సార్, మీరు గా మాస్టార్ని అడిగినట్టె. తాళం చెవి నీ తాననే గద అన్న. ముసలాయన తాళం చెవి నేల మీద వెట్టి పోయిండు. ఆయనెంక ఆరుగురు పని ఇడిసిపెట్టి పోయిన్రు. రిగ్గు బందైంది సార్. మీరు చేసినట్టె చేసిన గద, గిట్లెందుకైంది? నిన్న చూస్తె ట్యాంక్ కింద పైపు కారుతున్నది."

నలభై మాటలు నేర్పాను ఆయనకు. అవేవీ గుర్తుపెట్టుకోలేదు. నేను చేసిన పని మాత్రం ఏమీ వదిలిపెట్టకుండా నేర్చుకున్నాడు. ఇక దాచలేకపోయాను. ఎర్ర పెన్ను, కింది అర, మిర్చి బండి, కానిస్టేబుల్ జేబు, అంతా చెప్పేశాను.

"అయితె మాస్టారు ఏం చెయ్యలేదా సార్?"

"ఏం చెయ్యలే."

"మీకు గప్పుడే ఎర్కనా?"

"ఎర్కే."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "సరే సార్. రేపు ముసలాయన ఇంటికి పోయి, ఆ ఆరుగుర్ని గూడ పిలిపిచ్చి, అందరి ముందల తప్పయిందని చెప్త. దానికి వీళ్ల భాషల ఏం మాట సార్? మన పట్టికల యాడ కనిపిస్తలేదు."

నిజమే, లేదు. నలభై మాటలూ ఏరి కూర్చినప్పుడు నాకు ఆ మాట అవసరం పడుతుందని తోచలేదు. ఇంగ్లీషు చెప్పగలను, పోర్చుగీసు నాకేం తెలుసు? తెలిసినవాడు ఒక్కడే. పది నిమిషాలు ఆగమని డ్రిల్లర్‌కు చెప్పి, ఏడాదిగా చేయని నంబరుకు ఫోను చేశాను.

మాస్టారు మొత్తం విన్నాడు. ముసలాయన గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. తర్వాత మెల్లగా, ఒక్కో అక్షరం పలికి చెప్పాడు.

"పెసు దెష్‌కుల్ప. రాసుకున్నారా సార్?"

"రాసుకున్న."

"రాసుకుంటే సరిపోదండి, పలకడం ముఖ్యం. మీరు తప్పు పలికి ఆ అబ్బాయికి తప్పు నేర్పితే ఎలా? ఏదీ, ఒకసారి అనండి."

అన్నాను.

"వినపడలేదండి. మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

చుట్టూ చూశాను. వంటింటి గుమ్మంలో మా ఆవిడ, కూరగాయలు తెచ్చిన మా తమ్ముడు, వరండాలో కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన. ముగ్గురూ నావైపే చూస్తున్నారు. ఉన్నారని చెప్పాను.

"అయితే గట్టిగా అనండి సార్" అన్నాడు మాస్టారు. "మీరు ఎవరికి చెబుతున్నారో, దేనికి చెబుతున్నారో, అది కూడా వాళ్లకు తెలుగులో చెప్పి అప్పుడు అనండి. నేను లైన్లోనే ఉంటాను."